ఆఫీసు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల నుంచి ఎండీఎం తీసేయడం ఎలా: ముందు కీలు, చివర డిలీట్

కంపెనీ ఫోన్ మీదో ల్యాప్‌టాప్ మీదో ఉన్న ఎండీఎంని, అంటే పరికరాన్ని కంపెనీ దూరం నుంచి నిర్వహించే మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్‌ని, తీసేయడానికి కన్సోల్‌లో, అంటే అడ్మిన్ వాడే వెబ్ పేజీలో, రెండు క్లిక్‌లు చాలు. చిక్కంతా ఆ క్లిక్‌ల వరుసలో ఉంది. రికార్డు ముందు డిలీట్ చేసి, ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్‌ని తెరిచే రికవరీ కీ కోసం తర్వాత వెతికితే ల్యాప్‌టాప్ తెరుచుకోదు. ఫోన్‌ని రీసెట్ చేసి, తయారీదారు పోర్టల్‌లో సీరియల్ నంబర్ తీయకుండా వదిలేస్తే, నెట్ తగలగానే అది మళ్లీ మీ కంపెనీ ఫోనే అవుతుంది. ఉద్యోగి సొంత ఫోన్‌కి రిటైర్ (ఆఫీసువి మాత్రమే తీయడం) బదులు వైప్ (అంతా చెరపడం) నొక్కితే పిల్లల ఫొటోలు పోతాయి, మీ మీదికి గొడవ వస్తుంది.

కింద చెప్పేది ఎక్కువగా ఇంట్యూన్ (మైక్రోసాఫ్ట్ వారి ఎండీఎం), ఆపిల్ బిజినెస్ మేనేజర్, ఆండ్రాయిడ్ ఎంటర్‌ప్రైజ్, గూగుల్ వర్క్‌స్పేస్ పేర్లతో ఉంటుంది. మీ దగ్గర జామ్ఫ్, వర్క్‌స్పేస్ వన్, మేనేజ్ఇంజిన్ లాంటివి ఉంటే మెనూల పేర్లు మారతాయి, వరుస మారదు.

ఒక హద్దు ముందే చెప్పాలి. ఇది పరికరం మీద అధికారం ఉన్నవాళ్లు చేసే పని: కంపెనీ ఐటీ అడ్మిన్, లేదా తన సొంత ఫోన్‌లోంచి ఆఫీసు సెటప్ తీసుకునే ఉద్యోగి. నెట్‌లో దొరికే "ఎండీఎం బైపాస్" టూల్స్ చాలావరకు సెటప్ తెరను దాటిస్తాయి, అంతే. ఆపిల్ దగ్గరో మైక్రోసాఫ్ట్ దగ్గరో ఉన్న నమోదు అలాగే ఉంటుంది కాబట్టి తర్వాతి రీసెట్‌లో తాళం తిరిగొస్తుంది. పైగా కంపెనీ పరికరం మీద అనుమతి లేకుండా అలా చేస్తే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల దాకా పోవచ్చు.

పరికరం ఎన్ని చోట్ల నమోదై ఉందో చూడండి

ఎండీఎం అనేది ఒక్క చోట ఉండదు. కనీసం మూడు చోట్ల ఉంటుంది.

మొదటిది పరికరం లోపల: ఐఫోన్‌లో ప్రొఫైల్, ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లకి వేరే భాగం) లేదా డివైస్ ఓనర్ యాప్ (ఫోన్ మొత్తాన్ని నియంత్రించేది), విండోస్‌లో వర్క్ అకౌంట్ కనెక్షన్. రెండోది ఎండీఎం సర్వర్‌లోని రికార్డు. మూడోది తయారీదారు నమోదు: ఆపిల్‌కి ఆపిల్ బిజినెస్ మేనేజర్, విండోస్‌కి ఆటోపైలట్, శాంసంగ్‌కి నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్, మిగతా ఆండ్రాయిడ్‌లకి జీరో-టచ్ పోర్టల్. పరికరం తొలిసారి నెట్‌కి కలిసినప్పుడు "నేను ఎవరిదాన్ని?" అని అడిగేది ఈ మూడోదాన్నే. విండోస్‌కి వీటికి తోడు ఎంట్రా ఐడీలో (మైక్రోసాఫ్ట్ ఆఫీసు అకౌంట్ల డైరెక్టరీ) ఇంకో డివైస్ రికార్డు కూడా ఉంటుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) కీలు వేలాడేది దానికే.

తర్వాత, ఏ తరహా ఎన్‌రోల్‌మెంటో, అంటే ఎండీఎంలో ఎలా చేర్చారో, గుర్తించాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరవగానే పైన "ఈ ఐఫోన్ ఫలానా సంస్థ పర్యవేక్షణలో ఉంది" అన్న వరస కనిపిస్తే అది సూపర్‌వైజ్డ్, అంటే కంపెనీకి ఎక్కువ నియంత్రణ ఉన్నది. అలా లేకుండా సెట్టింగ్స్ > జనరల్ > వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్‌లో ప్రొఫైల్ మాత్రమే ఉంటే మామూలు ఎన్‌రోల్‌మెంట్. ఆండ్రాయిడ్‌లో కొన్ని యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటే వర్క్ ప్రొఫైల్. బ్రీఫ్‌కేస్ లేకుండా, లాక్ స్క్రీన్ మీదో సెట్టింగ్స్‌లోనో "ఈ పరికరం మీ సంస్థకు చెందినది" అని ఉంటే ఫుల్లీ మేనేజ్డ్ (ఫోన్ మొత్తం కంపెనీ నియంత్రణలో) అయి ఉంటుంది. విండోస్‌లో సెట్టింగ్స్ > అకౌంట్స్ > యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లో చూడాలి.

కన్సోల్‌లో "పర్సనల్", "కార్పొరేట్" అన్న ఓనర్‌షిప్ కాలమ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. ఎన్‌రోల్ చేసిన పద్ధతిని బట్టో, ఎవరో బల్క్‌గా మార్చడం వల్లో అది తప్పుగా ఉండొచ్చు. అసెట్ రిజిస్టర్‌లోని సీరియల్ నంబర్‌తో పోల్చి చూడండి. ఫోన్ అయితే *#06# నొక్కితే ఐఎంఈఐ వస్తుంది, బిల్లుతో సరిచూసుకోవచ్చు.

ఏదీ నొక్కకముందు తీసిపెట్టుకోవాల్సినవి

ఒక షీట్ తెరవండి. ఒక్కో పరికరానికి ఒక్కో వరస. సీరియల్ నంబర్, ఐఎంఈఐ, అసెట్ ట్యాగ్, వాడుతున్నవారు, ఎవరి సొత్తు, ఎన్‌రోల్‌మెంట్ తరహా, చివరిసారి సర్వర్‌తో మాట్లాడిన తేదీ, ఏం చేయాలి, కీ తీశామా, మూడో నమోదు తీశామా. ఈ షీట్‌లో కీలు రాయకండి. అవి పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉండాలి, షీట్‌లో "తీశాం" అన్న గుర్తు చాలు.

ఇప్పుడు కీలు. పనంతటిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది వీటికే.

బిట్‌లాకర్ రికవరీ కీ: 48 అంకెలు. ఎంట్రాలో డివైస్ రికార్డు డిలీట్ చేస్తే దానితో పాటే పోతుంది. రెండు డ్రైవ్‌లు ఉన్న ల్యాప్‌టాప్‌కి రెండు కీలు ఉంటాయి, సిస్టమ్ డ్రైవ్‌ది ఒక్కటే తీసి ఆగిపోకండి. కీ తీశాక, దాని ఐడీలోని మొదటి ఎనిమిది అక్షరాలు ల్యాప్‌టాప్ చూపించే కీ ఐడీతో కలుస్తున్నాయో లేదో చూడండి. ల్యాప్‌టాప్‌ని ఎప్పుడో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే కన్సోల్‌లో పాత కీ కూడా పక్కనే ఉండి మోసం చేస్తుంది.

లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్: ల్యాప్స్ (లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ని తానే మార్చే విండోస్ సదుపాయం) వాడుతుంటే పాస్‌వర్డ్ కూడా ఎంట్రా రికార్డుకే కట్టి ఉంటుంది. ముందుగానే మీకు తెలిసిన పాస్‌వర్డ్‌తో వేరే లోకల్ అడ్మిన్ అకౌంట్ తయారుచేసి, ఒకసారి సైన్ అవుట్ అయి దానితో నిజంగా లాగిన్ అయి చూడండి. ఎంట్రాకి జాయిన్ అయిన ల్యాప్‌టాప్‌ని ఇది లేకుండా డిస్‌కనెక్ట్ చేసినా, రిటైర్ చేసినా, లాగిన్ తెర దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మ్యాక్‌కి ఫైల్‌వాల్ట్ (మ్యాక్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ. పాత ఇంటెల్ మ్యాక్‌లకి ఎండీఎం ద్వారా ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, ఎండీఎం కనెక్షన్ ఉండగానే దాన్ని తీసేయించాలి. ఆ పాస్‌వర్డ్ పోతే కొన్న బిల్లు పట్టుకుని ఆపిల్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లడమే.

ఐఫోన్, ఐప్యాడ్‌లకి యాక్టివేషన్ లాక్ (ఆపిల్ ఐడీకి కట్టి ఉండే తాళం) బైపాస్ కోడ్. ఉద్యోగి తన సొంత ఆపిల్ ఐడీతో ఫైండ్ మై ఆన్ చేసి వెళ్లిపోతే మిమ్మల్ని కాపాడేది ఇదే. వైప్ చేయకముందే కన్సోల్‌లోంచి కాపీ చేసుకోవాలి. తర్వాత లాక్ తెర వస్తే యూజర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి, పాస్‌వర్డ్ గడిలో ఈ కోడ్ కొడితే తెరుచుకుంటుంది. పరికరం ఆపిల్ బిజినెస్ మేనేజర్‌లో ఉంటే అక్కడి నుంచి కూడా యాక్టివేషన్ లాక్ ఆపొచ్చు. అయితే పరికరాన్ని అక్కడి నుంచి రిలీజ్ చేశాక ఆ దారి మూసుకుపోతుంది. లాక్ తీయడం ముందు, రిలీజ్ తర్వాత.

యాంటీవైరస్, ఈడీఆర్ (దాడులు పసిగట్టే సాఫ్ట్‌వేర్), వీపీఎన్, రిమోట్ సపోర్ట్ ఏజెంట్లు: ఎండీఎం వీటిని ఇన్‌స్టాల్ చేసి ఉండొచ్చు గానీ, ఎండీఎం పోయినంత మాత్రాన అవి పోవు. చాలావాటికి ట్యాంపర్ ప్రొటెక్షన్ ఉంటుంది, తీయాలంటే ఆ కన్సోల్ ఇచ్చే అన్‌ఇన్‌స్టాల్ టోకెన్ కావాలి. అక్కడ రికార్డు డిలీట్ చేశాక టోకెన్ దొరక్క ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. అబ్సల్యూట్ లాంటి ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా జాగ్రత్త: దాని మూలం ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది, విండోస్ మళ్లీ వేసినా తిరిగొస్తుంది. దాన్ని వాళ్ల కన్సోల్‌లోనే ఆపాలి. బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అదీ ఇప్పుడే తీసేయండి.

లాగ్‌లు కూడా మర్చిపోకండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజుల పాటు దాచాలి. ఎండీఎం సబ్‌స్క్రిప్షనే మూసేస్తుంటే ఆడిట్ లాగ్‌లు, డివైస్ జాబితా, పంపిన వైప్ ఆదేశాల రిపోర్టు ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

నెట్‌వర్క్, ఓటీపీల సంగతి

ఎండీఎం ప్రొఫైల్ పోతే దానితో వచ్చిన వై-ఫై, వీపీఎన్, సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. ఆఫీసు వై-ఫై సర్టిఫికెట్ ఆధారంగా నడుస్తుంటే, తీసివేత ఆదేశం అందిన క్షణంలోనే పరికరం నెట్ కోల్పోతుంది. ఆ తర్వాత మీరు పంపే ఏ ఆదేశమూ దానికి చేరదు. అందుకని తాత్కాలికంగా మామూలు పాస్‌వర్డ్‌తో గెస్ట్ వై-ఫై పెట్టి, పరికరాలన్నీ ముందే దానికి కలిపి ఉంచండి. ఆ పాస్‌వర్డ్‌ని ఎండీఎం ద్వారా పంపకండి, చేత్తో కొట్టించండి. ఎండీఎం పంపిన వై-ఫై ప్రొఫైల్ కూడా దానితో పాటే పోతుంది.

కండిషనల్ యాక్సెస్ (నిబంధనలు పాటించే పరికరాలకే ఆఫీసు సేవలిచ్చే పాలసీ) ఉన్న చోట, ఎండీఎం తీసిన పరికరం "నాన్ కంప్లయంట్" అయి మెయిల్, టీమ్స్ ఆగిపోతాయి. కంపెనీ వదిలి వెళ్తున్నవాళ్ల విషయంలో అదే కావాలి. వేరే ఎండీఎంకి మారుతున్నవాళ్ల విషయంలో అది సోమవారం పొద్దున హెల్ప్‌డెస్క్‌కి నలభై ఫోన్లు. మారే బ్యాచ్‌కి ఒక గ్రూప్ పెట్టి, దాన్ని ఆ పాలసీ నుంచి గడువు తేదీతో మినహాయించండి. గడువు రాయకపోతే ఆ మినహాయింపు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఆథెంటికేటర్ యాప్ వర్క్ ప్రొఫైల్‌లోనో, వైప్ చేయబోయే ఫోన్‌లోనో ఉంటే దానితో పాటే పోతుంది. ముందు రెండో పద్ధతి ఒకటి నమోదు చేయించండి. అడ్మిన్ తన సొంత ఫోన్ తీసేటప్పుడు ఇది మరీ ముఖ్యం, లేకపోతే కన్సోల్‌లోకి వెళ్లడానికి ఓటీపీ ఉన్న ఫోన్‌నే వైప్ చేసుకున్నట్టవుతుంది. ఈ-సిమ్ వాడుతున్న ఫోన్ అయితే వైప్ చేసేటప్పుడు డేటా ప్లాన్ ఉంచమనే ఆప్షన్ ఉందేమో చూడండి.

రిటైర్, వైప్, డిలీట్

రిటైర్ అంటే కంపెనీ పెట్టినవి మాత్రమే తీసి, సొంతవి వదిలేయడం. వైప్ అంటే ఫ్యాక్టరీ రీసెట్, అన్నీ పోతాయి. డిలీట్ అంటే రికార్డు కన్సోల్ నుంచి తీసేయడం. ఇంట్యూన్‌లో డిలీట్ నొక్కితే పరికరానికి తగ్గట్టు రిటైర్ లేదా వైప్ కూడా వెంట వెళ్తుంది. కాబట్టి "ఊరికే జాబితా శుభ్రం చేద్దాం" అనుకుని వరసగా ఎంచుకుని డిలీట్ కొట్టకండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఇవే "వైప్ అకౌంట్", "వైప్ డివైస్" అని పక్కపక్కనే ఉంటాయి.

ఉద్యోగి సొంత పరికరానికి ఎప్పుడూ రిటైర్ లేదా వైప్ అకౌంటే. సొంత ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అయితే ఇంట్యూన్ మొత్తం ఫోన్ వైప్ చేయనివ్వదు, పర్లేదు. పాత పద్ధతిలో ఎన్‌రోల్ అయిన సొంత ఐఫోన్‌కి మాత్రం వైప్ బటన్ పనిచేస్తుంది, పొరపాట్లు జరిగేది అక్కడే. ఇంకో చాటు గుంట ఎక్స్‌ఛేంజ్ అడ్మిన్ సెంటర్‌లో ఉంది. మెయిల్‌బాక్స్‌కి కలిసిన ఫోన్ల జాబితాలో "వైప్ డేటా" నొక్కితే, ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్ వాడుతున్నవారి ఫోన్ మొత్తం చెరిగిపోవచ్చు. అక్కడ "అకౌంట్ ఓన్లీ" అన్నదే ఎంచుకోండి.

ఆదేశం పంపగానే జరిగిపోదు. పరికరం ఆన్‌లో, నెట్‌లో ఉండాలి. ఇంట్యూన్‌లో మామూలు చెక్-ఇన్ సుమారు ఎనిమిది గంటలకోసారి. అల్మారాలో ఛార్జ్ అయిపోయి ఉన్న ట్యాబ్లెట్‌కి పంపిన వైప్ "పెండింగ్" అని నెలల తరబడి ఉంటుంది. ఛార్జర్ పెట్టి, గెస్ట్ వై-ఫైకి కలిపి, పరికరంలో సింక్ నొక్కితే కదులుతుంది. స్టేటస్ "పూర్తయింది" అని రాకముందు యూజర్ అకౌంట్ డిలీట్ చేయకండి. సైన్-ఇన్ బ్లాక్ చేసి, సెషన్లు రద్దు చేస్తే భద్రతకి చాలు. ఎంట్రాలో డిలీట్ అయిన యూజర్‌ని 30 రోజుల దాకా తిరిగి తేవచ్చు. పరికర రికార్డు విషయంలో అలాంటి ధీమా పెట్టుకోవద్దు.

ఉద్యోగి సొంత ఫోన్ అయితే

ఉద్యోగం మానేస్తున్నా, ఆఫీసు మెయిల్ సొంత ఫోన్‌లో వద్దనుకున్నా ఇవి చేయండి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కి కావలసిన పేస్లిప్‌లు, ఫారం 16, రిలీవింగ్ లెటర్ ముందు సొంత మెయిల్‌కి అడిగి తెప్పించుకోండి. అవి ఆఫీసు పోర్టల్‌లోనే ఉంటాయి, ఆ పోర్టల్ తెరుచుకునేది ఈ ఫోన్‌తోనే.

కాంటాక్ట్‌లు చూసుకోండి. ఐఫోన్‌లో కొత్త కాంటాక్ట్‌లు సేవ్ అయ్యే డిఫాల్ట్ అకౌంట్ ఎక్స్‌ఛేంజ్ అయి ఉంటే, మీ ఇంటి గ్యాస్ ఏజెన్సీ నంబర్ కూడా కంపెనీ అకౌంట్‌లోనే ఉంటుంది. ప్రొఫైల్‌తో పాటే మాయమవుతుంది. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ కెమెరాతో తీసిన ఫొటోలు, వర్క్ ప్రొఫైల్‌లో వేసుకున్న రెండో వాట్సాప్ కూడా అంతే. మీ సొంతవి మాత్రం బయటికి తెచ్చుకోండి. కంపెనీ ఫైళ్లు కాదు.

ఐఫోన్: సెట్టింగ్స్ > జనరల్ > వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ > ఆ ప్రొఫైల్ > రిమూవ్ మేనేజ్‌మెంట్. ఫోన్ పాస్‌కోడ్ అడుగుతుంది. కంపెనీ పంపిన యాప్‌లు వాటంతటవే పోతాయి. తర్వాత కంపెనీ పోర్టల్ యాప్ తీసేయండి.

ఆండ్రాయిడ్: సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద వర్క్ ట్యాబ్ > రిమూవ్ వర్క్ ప్రొఫైల్. షావోమి, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో మెనూ ఒక్కోచోట ఉంటుంది, సెట్టింగ్స్ పైనున్న వెతుకు గడిలో "వర్క్ ప్రొఫైల్" అని ఇంగ్లిష్‌లో కొడితే దొరుకుతుంది. పాత పద్ధతిలో, డివైస్ అడ్మిన్ యాప్‌గా కూర్చున్న ఫోన్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. గూగుల్ సేవలున్న ఫోన్లలో ఈ పద్ధతికి ఇంట్యూన్ 2024 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. అలాంటి ఫోన్లో ముందు సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఉన్న అడ్మిన్ అనుమతి తీసి, ఆ తర్వాత యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

సొంత విండోస్ ల్యాప్‌టాప్: ఆఫీసు అకౌంట్‌తో ఏదో యాప్‌లోకి లాగిన్ అయినప్పుడు "ఈ పరికరాన్ని నా సంస్థ నిర్వహించడానికి అనుమతించు" అన్న టిక్ తీయకుండా ఓకే నొక్కితే తెలియకుండానే ఎన్‌రోల్ అయిపోతుంది. యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లో ఆ అకౌంట్ ఎంచుకుని డిస్‌కనెక్ట్ నొక్కితే సరి. ఆ ముందు బిట్‌లాకర్ కీ ఒక కాపీ సొంతంగా సేవ్ చేసుకోండి, అది కంపెనీ అకౌంట్‌లోకి వెళ్లి కూర్చుని ఉండొచ్చు.

కంపెనీ పరికరాలు: విండోస్

1. వన్‌డ్రైవ్ ఫోల్డర్ చూడండి. ఫైల్ పక్కన మేఘం గుర్తు ఉంటే అది డిస్క్ మీద లేదు, పేరు మాత్రమే ఉంది. కాపీ కొట్టి బ్యాకప్ అయిందనుకుంటే ఖాళీ చేతులే. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎల్లప్పుడూ ఈ పరికరంలో ఉంచు అన్నది ఎంచుకుని, అన్నీ దిగాక కాపీ చేయండి.

2. పైన చెప్పిన కీలు, లోకల్ అడ్మిన్, ఏజెంట్ల తొలగింపు పూర్తిచేయండి.

3. ఛార్జర్ పెట్టి, ఇంట్యూన్‌లోంచి వైప్ పంపండి. "కరెంటు పోయినా వైప్ కొనసాగించు" అన్న ఆప్షన్ దొంగతనానికి గురైన ల్యాప్‌టాప్‌లకి. మామూలు వాటికి టిక్ పెడితే కొన్ని యంత్రాలు మళ్లీ బూట్ కాకుండా పోవచ్చు. "ఎన్‌రోల్‌మెంట్ ఉంచు" అన్న టిక్ కూడా ఉండకూడదు. వైప్ విఫలమైతే ఎక్కువసార్లు కారణం విండోస్ రికవరీ భాగం డిజేబుల్ అయి ఉండడమో, పాడవడమో. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఇన్‌స్టాలర్ ఒకటి పక్కన ఉంచుకోండి.

4. వైప్ అయ్యాక ఇంట్యూన్ రికార్డు డిలీట్ చేయండి. తర్వాత ఆటోపైలట్ జాబితాలో ఆ సీరియల్ డిలీట్. ఆఖరికి ఎంట్రా రికార్డు. ఈ వరుస తిరగేస్తే ఆటోపైలట్ డిలీట్ ఒప్పుకోదు, లేదా ఎంట్రాలో డిలీట్ బటన్ వెలగదు. ఆటోపైలట్‌లో తీసింది జాబితాలోంచి పోవడానికి కాసేపు పడుతుంది, సింక్ నొక్కి ఆగి చూడండి.

మదర్‌బోర్డ్ మార్చిన ల్యాప్‌టాప్‌ల దగ్గర ఒక మెలిక ఉంది. ఆటోపైలట్ గుర్తింపు హార్డ్‌వేర్ హ్యాష్ (యంత్ర భాగాల నుంచి తయారయ్యే గుర్తు) మీద నడుస్తుంది, అందులో ప్రధాన భాగం బోర్డే. మీరు రిపేర్‌కిచ్చి వదిలేసిన పాత బోర్డు ఇంకొకరి ల్యాప్‌టాప్‌లోకి వెళ్తే వాళ్ల తెర మీద మీ కంపెనీ లోగో వస్తుంది. అదే విధంగా, రీఫర్బిష్డ్ బోర్డు మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తే నమోదు చేసేటప్పుడు 808 అన్న ఎర్రర్ కనిపించొచ్చు. ఈ పరికరం ఇప్పటికే వేరే టెనెంట్‌కి (ఇంకో సంస్థ మైక్రోసాఫ్ట్ ఖాతాకి) ఇచ్చి ఉంది అని దానర్థం. బోర్డు ఇచ్చినవారితోనో, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌తోనో తేల్చుకోవాలి.

ఆండ్రాయిడ్

ఫుల్లీ మేనేజ్డ్ ఫోన్‌లోంచి ఎండీఎం తీయాలంటే ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే దారి. దీన్ని వాల్యూమ్, పవర్ బటన్లతో రికవరీ మోడ్‌లోంచి చేయకండి. ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్, అంటే ఎఫ్‌ఆర్‌పీ, అలాంటి రీసెట్‌ని దొంగ చేసిన పనిగానే చూస్తుంది, పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. ఎంటర్‌ప్రైజ్ ఎఫ్‌ఆర్‌పీ పాలసీలో పెట్టిన అకౌంట్ రెండేళ్ల కిందట వెళ్లిపోయిన అడ్మిన్‌ది అయితే పెట్టెడు ఫోన్లు ఇటుకలే. ముందు పాలసీలో ఆ అకౌంట్ ఎవరిదో చూడండి, ఫోన్‌లోని గూగుల్ అకౌంట్లు తీసేయించండి, ఆ తర్వాత కన్సోల్‌లోంచి వైప్ పంపండి. వైప్ పెట్టెలో రీసెట్ ప్రొటెక్షన్ డేటా ఉంచమనే టిక్ ఉంటే తీసేయండి.

జీరో-టచ్, నాక్స్ పోర్టల్‌లలో తొలగింపు వైప్‌కి ముందే చేయొచ్చు, అదే మంచిది. ఫోన్ రీసెట్ అయి లేవగానే అడిగితే "ఎవరిదీ కాదు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కానీ జీరో-టచ్‌లో డీరిజిస్టర్ చేసిన ఫోన్‌ని తిరిగి చేర్చడం మీ చేతిలో ఉండదు, రీసెల్లర్ చేర్చాలి. వేరే ఎండీఎంకి మారడమే అయితే డీరిజిస్టర్ చేయకండి, కాన్ఫిగరేషన్ మాత్రం మార్చండి.

ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్

అమ్మేయడానికో, ఉద్యోగికి ఇచ్చేయడానికో అయితే: వాడినవారి చేత ఐక్లౌడ్ సైన్ అవుట్ చేయించండి. వాళ్లు అందుబాటులో లేకపోతే యాక్టివేషన్ లాక్ కన్సోల్‌లోంచి తీయండి. తర్వాత వైప్ పంపండి. వైప్ ఆదేశం అందిందని నిర్ధారణ అయ్యాకే ఆపిల్ బిజినెస్ మేనేజర్‌లో రిలీజ్ నొక్కండి. వైప్ చేయకుండా ప్రొఫైల్ మాత్రమే తీస్తే సూపర్‌విజన్ మిగిలే ఉంటుంది, అది పోవాలంటే ఎరేజ్ తప్పదు. ఆపిల్ కాన్ఫిగరేటర్‌తో చేత్తో చేర్చిన పరికరాలకి మొదటి 30 రోజుల్లో వాడేవారే మేనేజ్‌మెంట్ తీసేసుకునే వీలుంటుంది, అది వేరే సంగతి.

టీ2 చిప్ లేదా ఆపిల్ సిలికాన్ ఉండి, మ్యాక్‌ఓఎస్ 12 లేదా ఆ తర్వాతిది ఉన్న మ్యాక్‌లో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ ఉంటుంది, ఐదు పది నిమిషాల పని.

ఒక ఎండీఎం నుంచి ఇంకోదానికి మారడమే మీ పని అయితే, ఐఓఎస్ 26, ఐప్యాడ్‌ఓఎస్ 26, మ్యాక్‌ఓఎస్ 26 నుంచి బాధ తగ్గింది. పరికరం ఆపిల్ బిజినెస్ మేనేజర్‌లో ఉంటే, కొత్త సర్వర్‌కి కేటాయించి గడువు తేదీ పెట్టొచ్చు. వైప్ లేకుండానే మారుతుంది. అంతకు ముందు వెర్షన్ల మీద ఉన్న ఐఫోన్లని ముందు అప్‌డేట్ చేయించుకోవడం, ఒక్కోదాన్ని వైప్ చేయడం కన్నా తక్కువ శ్రమ.

ఎక్కువ పరికరాలున్నప్పుడు ఒక్కో తరహాలో ఐదు పరికరాలతో మొదలుపెట్టి, ఒక రోజు ఆగి చూడండి. ఆ తర్వాత ఇరవై, పాతిక చొప్పున. ఆపిల్ పుష్ సర్టిఫికెట్ (ఎండీఎం ఆదేశాలు ఆపిల్ పరికరాలకి చేరడానికి కావలసినది) గడువు ఎప్పుడో కూడా చూసుకోండి. దాని ఆయుష్షు ఏడాది. పని మధ్యలో అది అయిపోతే ఏ ఆపిల్ పరికరానికీ ఆదేశాలు అందవు. రెన్యూ చేసేటప్పుడు మొదట వాడిన ఆపిల్ అకౌంట్‌తోనే చేయాలి. కొత్త అకౌంట్‌తో కొత్త సర్టిఫికెట్ తీసుకుంటే పాత పరికరాలన్నీ మళ్లీ ఎన్‌రోల్ చేయాల్సిందే. అన్ని పరికరాలూ బయటపడ్డాకే ఈ సర్టిఫికెట్, యాప్ లైసెన్స్ టోకెన్, మేనేజ్డ్ గూగుల్ ప్లే బైండింగ్ (గూగుల్ ప్లేతో ఎండీఎంకి ఉన్న లంకె) తీయండి.

గేట్ పాస్ రాయకముందు పరీక్ష

కన్సోల్‌లో పేరు లేదు కదా అని వదిలేయొద్దు. పరికరాన్ని రీసెట్ అయిన స్థితిలో ఆన్ చేసి, గెస్ట్ వై-ఫైకి కలిపి, సెటప్ తెరలు దాటించండి. ఐఫోన్‌లో "రిమోట్ మేనేజ్‌మెంట్" తెర రాకూడదు, పాత ఆపిల్ ఐడీ అడగకూడదు. విండోస్‌లో మీ కంపెనీ పేరుతో స్వాగతం కనిపించకూడదు. ఆండ్రాయిడ్‌లో సంస్థకు చెందినదన్న మాట, పాత గూగుల్ అకౌంట్ ప్రశ్న రెండూ ఉండకూడదు. నెట్ లేకుండా చేసే పరీక్షకి విలువ లేదు, ఎందుకంటే నమోదు ప్రశ్న వెళ్లేది నెట్ మీదే. మ్యాక్, విండోస్‌లలో నెట్ దాటవేసి డెస్క్‌టాప్ దాకా రావడం తేలిక, దాన్ని చూసి "క్లీన్" అని రాసేస్తే కొన్నవాడి ఇంట్లో తాళం పడుతుంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, ఆన్‌లైన్‌లోనో పాత కంపెనీ ల్యాప్‌టాప్ కొనేవారూ ఇదే పరీక్ష దుకాణంలోనే చేయించండి: మీ ముందు పూర్తి రీసెట్, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో సెటప్. తాళం కనిపిస్తే తీయగలిగేది నమోదు చేసిన సంస్థే. కొన్నాక బయటపడితే సీరియల్ నంబర్, బిల్లు, తెర ఫొటోతో అమ్మినవారి ద్వారా ఆ సంస్థ ఐటీ విభాగానికి పంపించండి. ఆ సంస్థ పరికరాన్ని వదులుకున్నట్టు రికార్డులో ఉంటే ఆటోపైలట్ డిలీట్ కానీ, ఆపిల్ రిలీజ్ కానీ వాళ్లకి రెండు నిమిషాల పని. అవి జరిగాక కూడా మీ యంత్రాన్ని మరోసారి రీసెట్ చేయాలి, అప్పటికే దిగిన ప్రొఫైల్ దానంతటది చెరగదు.